పుస్తకం లేని నడక

నాన్నగారికి, నేనూ పిన్నీ కులాసా, మీ నీరసం కాస్త తగ్గిందని తలుస్తాను.

నా కాలేయంలో కొంత మీకు పెట్టాలంటే ముందు దానికి పట్టిన కొవ్వు కరగాలని, అందుకు బరువు తగ్గాలని డాక్టరుగారు అన్నారు కదా. మొదట బాగానే తగ్గాను. తరువాత ఎంత నడిచినా, అన్నం సగం చేసినా బరువు ముల్లు మొండికేసింది. ఒక ఉదయం పిన్ని నా వెంట పార్కుకు వచ్చింది.

"ఇదేం నడకే తల్లీ! చదువుకుంటూ అడుగులేస్తే పేజీలు తరుగుతాయి గానీ పొట్ట కరుగుతుందా?" అంటూ నా చేతిలో పుస్తకం లాక్కుని చంకలో పెట్టుకుంది. "పద, ఆ గుట్ట మెట్లెక్కు."

ఉత్త చేతులతో నడవాలంటే మొదట సిగ్గేసింది. ఇప్పుడు తెల్లవారుజామున ఆ మెట్లెక్కుతుంటే కింద ఇళ్ళన్నీ మంచులో తేలుతున్నట్టుంటాయి. నా ఊపిరి తప్ప మరేమీ వినిపించదు. ఆఖరి మెట్టు మీద మీరు కూర్చుని ఉన్నారనిపిస్తుంది, ఇంకొంచెం వేగంగా ఎక్కుతాను.

ముల్లు కదిలింది నాన్నా. నిన్న మళ్ళీ స్కానింగ్ తీసి, ఇక ఇవ్వవచ్చన్నారు.

ఆపరేషన్ తరువాత మనిద్దరం వేసుకోవడానికి, ముందువైపు గుండీలున్న వదులు చొక్కాలు రెండు కుట్టించమని అమ్మతో చెప్పండి. పెరటి తలుపు గడియ బాగు చేయించారా? తమ్ముడు లెక్కలు చేస్తున్నాడా, గోడకు బంతి కొడుతున్నాడా?

ఆడపిల్ల ఒంటి మీద గాటెందుకని మీరు ఒప్పుకోవడం లేదని అమ్మ రాసింది. ఆ గాటు నాకు కావాలి. కాదనకుండా శుక్రవారం బండికి రండి, స్టేషనుకు నడిచే వస్తాను.

అమ్మకు నమస్కారాలు, తమ్ముడికి ముద్దులు.

మీ అమ్మాయి