నర్సు అనే మాటకు అర్థం

1974 శ్రావణం, మంగళవారం రాత్రి

నా కొడుకు పోయి మూడు రోజులు. జ్వరం తగ్గలేదని నన్నింకా మానుకోట దవాఖానలోనే ఉంచారు. పాలు మాత్రం ఆగడం లేదు. అత్తమ్మ పూటపూటకూ గిన్నెలోకి పిండించి బయట చెట్టు మొదట్లో పోసి వస్తోంది.

పొద్దున పక్క మంచం మీది తండా ఆమె ఆడపిల్లను కని చనిపోయింది. పిల్ల నానమ్మ చేతుల్లో ఏడ్చి ఏడ్చి గొంతు పోగొట్టుకుంది. నర్సమ్మ నా దగ్గరికి వచ్చింది.

"అక్కా, నర్సంటే ఎనకట పరాయి పిల్లలకు పాలిచ్చే దాది అట. మాకు ట్రైనింగుల చెప్పిండ్రు. పేరు నాకు పెట్టిండ్రు గని పాలు నీకున్నయి. జర గా పిల్లకు పట్టరాదు?"

రోజూ పిలిచే మాట వెనక ఇంత ఉందని నాకేం తెలుసు.

అత్తమ్మ అడ్డం వచ్చింది. "సచ్చిన పిల్లగాని పాలు గవి. గా పసిదానికి గూడ కీడు తగులుతది. మనకెందుకు బిడ్డా గా పాపం?"

నేను కొంగు నిండా కప్పుకున్నాను. అబద్ధమెందుకు, నాకూ ఆ భయమే. నా కొడుకు రెండు రోజులు ఈ పాలే తాగి పోయాడు. ఆ నానమ్మ కాసేపు నా ముఖం చూసి, చక్కెర నీళ్లలో ముంచిన దూది పిల్ల నోట్లో పెట్టి తండాకు తీసుకుపోయింది.

సాయంత్రానికి రైక తడిసింది. అత్తమ్మ గిన్నె తెస్తే పిండడానికి చేతులు రాలేదు. ఆమె అటు పోయాక నర్సమ్మను తండా పేరు అడిగాను. నడిస్తే ఒక పూట పడుతుందట. రేపు నేను లేవగలిగినా, ఆ పిల్ల అప్పటిదాకా ఉంటుందా...