తూర్పుకి తిరిగి కొట్టిన బంతి

జగ్గయ్యపేట, 2వ తేదీ

గోల్ఫు మాస్టారు భవానీప్రసాద్ గారికి, సిమెంటు షాపు చెన్నకేశవరావు నమస్కరించి రాయునది.

నెలాఖరున ముక్త్యాల దగ్గర కంపెనీవారు డీలర్లకి గోల్ఫు పోటీ పెడుతున్నారండి. పోయినేడు నా బంతి కుడికి వంగి మేనేజరు గారి కారద్దం పగలగొట్టింది. ఈసారీ అంతే అయితే మళ్ళీ పిలవరు, తోటి డీలర్ల ముందు తలెత్తుకోలేను. ఫోన్లో అడిగితే షాపంతా వింటుంది. ఆ వంకర ఎలా పోతుందో రాయండి. సాధన కోసం మేడ మీద ఈశాన్యం మూల వల కట్టించా.

ఇట్లు,
చెన్నకేశవరావు

తా.క. కర్రకి పూజ కూడా చేయించా.

నందిగామ, 5వ తేదీ

చెన్నకేశవరావు గారికి నమస్కారాలు.

పూజతో వంకర పోదండి. కర్ర పట్టుకున్నప్పుడు ఎడమ చేతిని కాస్త కుడివైపు తిప్పండి. బంతి తిన్నగా వెళ్తుంది.

భవదీయుడు,
భవానీప్రసాద్

తా.క. మరీ బిగించకండి. అది సిమెంటు బస్తా కాదు.

జగ్గయ్యపేట, 9వ తేదీ

మాస్టారికి నమస్కారాలు.

చెప్పినట్టే పట్టుకున్నా. బంతి తిన్నగా వెళ్ళి, ఉత్తరం వైపింటి బాలామణి గారి గుమ్మడి వడియాల్లో పడింది. ఒకటి కాదు, ఏడు. ఇదివరకు వంకరగా వెళ్ళి అయినా వల్లో పడేది. మీరు బాగుచేసి చెడగొట్టారు.

ఇట్లు, బాధతో,
చెన్నకేశవరావు

తా.క. బాలామణి గారు బంతులివ్వడం లేదు. వడియాలు ఎండాక చూద్దామన్నారు.

నందిగామ, 12వ తేదీ

అయ్యా,

తిన్నగా వెళ్ళిన బంతి వల్లో పడకపోవడమేమిటి? ముప్పై ఏళ్ళు నేర్పా, ఇలాంటిది వినలేదు. అసలు మీరు ఎటు తిరిగి నిలబడుతున్నారు?

భవానీప్రసాద్

జగ్గయ్యపేట, 15వ తేదీ

మాస్టారికి,

తూర్పుకి. ఇంకెటు తిరుగుతా? ఏ పనైనా తూర్పు ముఖంగానే కదండీ మొదలుపెట్టేది!

ఇట్లు,
చెన్నకేశవరావు

నందిగామ, 18వ తేదీ

చెన్నకేశవరావు గారూ,

నా తల బద్దలవుతోంది. గోల్ఫులో బంతి వెళ్ళేది మన ఎడమ భుజం వైపుకి. తూర్పుకి నిలబడితే అది ఉత్తరానికే, అంటే బాలామణి గారింటికే పోతుంది. వల ఈశాన్యంలో ఉంటే మీరు ఆగ్నేయానికి తిరగాలి.

భవానీప్రసాద్

జగ్గయ్యపేట, 21వ తేదీ

మాస్టారూ,

ఆగ్నేయమా! అక్కడ పొయ్యి పెడతారు గానీ, అటు తిరిగి ఎవరైనా మంచి పని మొదలుపెడతారా? మీరు నా మేలు కోరే మనిషనుకున్నా.

చెన్నకేశవరావు

నందిగామ, 24వ తేదీ

అయ్యా,

మీ ఇష్టం. దణ్ణం పెట్టి ఒక్కటే అడుగుతున్నా. ఎవరడిగినా నా దగ్గర నేర్చుకున్నట్టు చెప్పకండి.

భవానీప్రసాద్

జగ్గయ్యపేట, 31వ తేదీ

గురువుగారి పాదాలకి నమస్కారాలు.

గెలిచానండి! బంతి చేరాల్సిన చోట పాతే జెండా ఈసారి ఈశాన్యంలో పాతారు. మధ్యలో వేపచెట్టు. అందరూ జెండా వైపు తిన్నగా కొట్టి చెట్టుకి తగిలించారు. నేను మీరు నేర్పిన పట్టు వదిలేసి, నా పాత పట్టుతో, తూర్పుకి తిరిగి కొట్టా. బంతి ఉత్తరానికి బయల్దేరి, చెట్టు దాటాక కుడికి వంగి జెండా పక్కనే పడింది. మేనేజరు గారు కౌగలించుకున్నారు. ఎవరు నేర్పారని మైకులో అడిగారు. గెలిచినవాడు గురువు పేరు దాస్తే పాపం కదండీ. మీ పేరు, వీధి, ఇంటి నంబరుతో సహా చెప్పేశా. ఆదివారం పద్నాలుగు మంది డీలర్లు మీ ఇంటికి వస్తున్నారు.

ఇట్లు మీ శిష్యుడు,
చెన్నకేశవరావు

తా.క. మీకు శ్రమ లేకుండా అందరికీ తూర్పుకి నిలబడడం నేనే నేర్పి పంపిస్తున్నా.