నాయనమ్మ పలకని పేరు

అత్తయ్యకు,

పక్షవాతంతో పోయిన మాట ఇక రాదు, నాయనమ్మకు ఇక్కడ సాకేత్‌లోని ఆసుపత్రిలో స్పీచ్ థెరపీ మానిపించమని రాశారు. మానిపించను! హిందీలో పరీక్ష పెడితే ఆవిడేం చెబుతుంది? రోగిని సొంత భాషలోనే పరీక్షించాలని కరపత్రంలో చదివాను. థెరపిస్టు దీదీతో పోట్లాడి, తెలుగులో నేనే అడిగాను.

తాతయ్యను చూపించి "ఈయన పేరేంటి?" అన్నాను. నాయనమ్మ మొహం తిప్పేసుకుంది. మీ మాటే నిజమేమోనని భయమేసింది. నాలుగోసారి గట్టిగా అడిగేసరికి నాయనమ్మ మండిపడింది.

"మొగుడి పేరు... చెప్పమంటావా... వెధవా!"

ఆరు నెలల తర్వాత మొదటి మాటలు, అత్తయ్యా! తాతయ్య ఏడుస్తూ నవ్వారు.

అర్థం చెప్పగానే దీదీ పకపకా నవ్వింది. "అచ్ఛా! మా దాదీ కూడా మా తాత పేరు పలకదు, భయ్యా. ఆ ప్రశ్నే తప్పు."

థెరపీ కొనసాగించాలని రాసిచ్చింది. మంగళవారం రమ్మంది. నన్ను మాత్రం బయటే కూర్చోమంది.

మీ మేనల్లుడు