గోడ మీది పాత స్టేషను

క్యాంప్ 2, భిలాయి
ఆదివారం మధ్యాహ్నం

మా అప్పకు,

నీ తమ్ముడు సూరిబాబు వంగి దణ్ణం పెట్టి రాస్తున్నాను. నేనిక్కడ బాగానే ఉన్నాను. నువ్వూ బావా కులాసాగా ఉన్నారని, పెద్దదాని దగ్గు తగ్గిందని, చిన్నది ఏడవకుండా బడికి వెళ్తోందని అనుకుంటున్నాను. దగ్గు తగ్గకపోతే మాత్రం పార్వతీపురం తీసుకెళ్లి డాక్టరుకు చూపించండి. రేపు, ఎల్లుండి అని నాన్చకండి.

ఫోను ఉండగా ఉత్తరమేమిటని బావ నవ్వుతాడని తెలుసు. ఫోనులో నువ్వు "తిన్నావేటి?" అంటావు, నేను "తిన్నానప్పా" అంటాను, అక్కడితో అయిపోతుంది. ఈసారి చెప్పాల్సింది అంతలో అయ్యేది కాదు. పొయ్యి మీద ఏమైనా ఉంటే దించేసి, నిదానంగా కూర్చుని చదువు.

ముందు మంచి కబురు. ఇప్పుడు నేను ఇనుప దూలాలకు రంగు కొట్టడం లేదు. వచ్చిన కొత్తలో హథ్‌ఖోజ్‌లో ఒక షెడ్డులో అదే పని చేశానని నీకు తెలుసు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎర్ర ప్రైమరే. ఇంటికొచ్చి ఎంత రుద్దుకున్నా గోళ్ల సందుల్లోంచి పోయేది కాదు. ఒకరోజు టీ కొట్టు రేకు మీద పేరు రాసిపెడుతుంటే తివారీ అనే కాంట్రాక్టరు ఆగి చూశాడు. అక్షరాలేనా, బొమ్మలు కూడా వేస్తావా అని హిందీలో అడిగాడు. ఫ్లెక్సీలు వచ్చి మా పొట్ట కొట్టక ముందు పార్వతీపురంలో సగం కొట్ల బోర్డులు నేను రాసినవేనని చెప్పబోయాను. అంత హిందీ నోట్లోకి రాక తల మాత్రం ఊపాను. ఆ తల ఊపుడుకే పని దొరికింది.

ఇక్కడికి దగ్గర్లో ఒక చిన్న రైల్వే స్టేషనుంది. దానికి కొత్తగా వెయిటింగ్ హాలు కట్టారు. అందులో ఒక పొడుగాటి గోడ నిండా తొలినాటి స్టేషన్ల బొమ్మలు వేయాలి. రైళ్లు లోకానికి కొత్తగా వచ్చిన రోజుల్లో చిత్రకారులు వేసినవట. అలాంటివి మూడింటిని ప్రింటు తీయించి, అట్టల మీద అంటించి తివారీ నా చేతికిచ్చాడు. వాటిని గోడంత పెద్దవి చేయడమే నా పని. నాకు తోడుగా ఫూల్‌మతి దీదీ ఉంది. ఉతై అనే ఊరి నుంచి రోజూ వస్తుంది, వయసులో నీకన్నా పెద్దది. రంగులు కలిపి ఇస్తుంది, నేను పరంజా మీద ఉంటే కింద నిచ్చెన పట్టుకుంటుంది. మధ్యాహ్నం బియ్యప్పిండితో చేసిన అట్లు తెచ్చి నాకూ రెండు పెడుతుంది. టమాటా పచ్చడి బాగుంటుంది గాని మన కారం మాత్రం లేదు.

మొదటి బొమ్మ ఏదో దూరదేశపు స్టేషను. పైన కొండంత గాజుకప్పు, కింద పొగ. ఇంజను ఎక్కడో నల్లటి చుక్కలా ఉంటుంది. బొమ్మంతా పొగే. పొగ తెల్లగా ఉంటుందనుకుంటాం గానీ కాదప్పా. నీలం ఉంటుంది, బూడిద రంగు ఉంటుంది, ఎండ తగిలినచోట గులాబీ ఉంటుంది. మూడు రోజులు వేసినా నా పొగ సున్నపు మరకలాగే కనిపించింది. నాలుగో రోజు సాయంత్రం సైకిల్ మీద వస్తుంటే స్టీల్ ప్లాంటు వైపు, కాలుతున్న బొగ్గు మీద నీళ్లు కొట్టినప్పుడు లేచే ఆవిరి ఒక్కసారిగా ఆకాశంలోకి లేచింది. లేచి, పొద్దుగూకే ఎండలో నెమ్మదిగా విచ్చుకుని, ఎటూ పోకుండా కాసేపు అలాగే తేలింది. సైకిల్ ఆపి అది కరిగిపోయేదాకా చూశాను. మర్నాడు అదే వేశాను. రైలు కోసం కూర్చున్న ఒక ముసలామె గోడ వైపు చూసి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది!

ఇక్కడ చలికాలం పొద్దుట మంచు బాగా పడుతుంది. నేను వెళ్లేసరికి ప్లాట్‌ఫారం సగం కనిపించదు. మంచులోంచి బండి వస్తుంది, మనుషులు దిగి మంచులోకే వెళ్లిపోతారు. హాల్లోకి వస్తే గోడ మీద కూడా పొగలోంచి బండి వస్తూ ఉంటుంది. ఏది లోపల, ఏది బయట అన్నది కొంచెంసేపు నాకే తెలిసేది కాదు. అలా రోజులు నిద్రలో నడిచినట్టు గడిచాయి. ఒంటరిగా ఉందా అని అడుగుతావని తెలుసు. రంగు వేస్తున్నంతసేపూ ఉండదు.

రెండో బొమ్మలో దొరలు, దొరసానులు, పెట్టెలు. ఒకావిడ చేతిలో పిట్ట పంజరం, ఒకాయన వంగి పెట్టెకు తాడు కడుతుంటాడు. ప్రతి ఒక్కరికీ ముఖం ఉంది. ఎవరికి ఏడుపొస్తోందో, ఎవరికి విసుగొస్తోందో చూస్తే తెలిసిపోతుంది. అది తేలిగ్గానే అయిపోయింది.

మూడోది మన దేశపు స్టేషను, పెన్సిలుతో గీసింది. పెంకుల కప్పు, వేలాడే గంట, పొడుగు గొట్టం ఇంజను. దాని పక్కన నిలబడ్డ దొర కోటు గుండీలు కూడా లెక్కపెట్టొచ్చు. ప్లాట్‌ఫారం నిండా మనవాళ్లు ఉన్నారు, ఎంతమందో. ఒక్కరికీ ముఖం లేదు. ఫోనుతో ఫొటో తీసి పెద్దది చేసి చూశాను. గుండ్రంగా ఒక గీత, కింద బట్ట మడతలు రెండు, అంతే. గీసినాయన చేయి తిరిగినవాడే. ఇంజను చక్రాలకు పెట్టిన ఓపికలో కొంచెం వీళ్లకీ పెట్టి ఉంటే బాగుండేదనిపించింది.

నేనుండే గది అప్పలస్వామి తాతది. విజయనగరం వైపు మనిషి, ప్లాంటులో చేసి రిటైరయ్యాడు. మనవలందరూ హిందీలోనే మాట్లాడతారు, అందుకని తెలుగు మాట్లాడ్డానికి నన్ను పట్టుకుంటాడు. ఆ బొమ్మ చూపిస్తే కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఈడెవుడో మనోల్లని సరిగ్గా సూడ్నేదురా సూరీ. మనోల్లు టేసన్లో ఇలా నిలబడతారేటి? బండెప్పుడొస్తాదో తెల్దు కదా. మూటేసుకుని కూకుంటారు. నేనొచ్చినప్పుడు గంజి తపేలా ఒళ్లో ఎట్టుకుని కూకున్నాను. ఎక్కడ దొల్లిపోద్దోనని బయిం."

మర్నాడు గోడ మీద తాతను కూర్చోబెట్టాను. ఒళ్లో తపేలా, కళ్లలో ఆ భయం. ఒక ముఖం వేశాక పక్కవాడిని గుండ్రంగా వదిలేయడానికి చేయి రాలేదు. జాంకాయలమ్మే ఆవిడను వేశాను. టీ కొట్టాయనను వేశాను. తలమీద గంపతో ఫూల్‌మతి దీదీని వేశాను. ఆమె నిచ్చెన వదిలేసి దగ్గరకొచ్చింది.

"ఏ మోర్ ముఁహ్ ఆయ్ కా?" అంది. ఇది నా ముఖమేనా అని. అవునన్నాను. తన చెంప తడుముకుని, గోడమీది చెంప తడమబోయి, తడి రంగని ఆగిపోయింది.

వారం తర్వాత తివారీ వచ్చి చూసి గొంతు చించుకున్నాడు. "ఫోటోమేఁ జైసా హై, వైసా బనావో! మిటా దో సబ్!" ఫొటోలో ఎలా ఉందో అలాగే వెయ్యి, అన్నీ చెరిపేయ్ అని. పెద్దాఫీసరు చూడ్డానికి వస్తున్నారట. అసలు బొమ్మలో లేనివి ఉంటే తనకు మళ్లీ పనివ్వరు, అప్పుడు నాకూ ఉండదు అన్నాడు. అందులో అబద్ధం లేదప్పా. మళ్లీ ఆ ఎర్ర ప్రైమరు డబ్బా కళ్ల ముందుకొచ్చింది.

బ్రష్షు తీసుకున్నాను. జాంకాయలావిడ ముఖం మీద రంగు పూసేశాను. ఒక్క నిమిషం పని. పూసి వెనక్కి జరిగి చూస్తే, నిన్నటిదాకా నన్ను చూసిన మనిషి లేదు. పక్కన ఉన్నది ఫూల్‌మతి దీదీ ముఖం. ఆమె వచ్చి నా చేతిలోంచి డబ్బా తీసేసుకుంది.

"నన్ను చెరపాలంటే నన్నడుగు. నేను చెరపమనలేదు," అంది, తన భాషలో, నెమ్మదిగా. డబ్బా పట్టుకెళ్లి మూత బిగించేసింది. తివారీ వైపు తిరిగి కూడా చూడలేదు. ఆయన నీ చావు నువ్వు చావు అన్నట్టు చేయి విసిరి వెళ్లిపోయాడు. ఆ మధ్యాహ్నమే జాంకాయలావిడ ముఖం మళ్లీ వేశాను. ఈసారి ఇంకొంచెం బాగా కుదిరింది.

ఇప్పుడు అసలు సంగతి, అప్పా.

ఆ గుంపు చివర ఒక మనిషి ఉన్నాడు. అందరూ బండి వైపు చూస్తుంటే, అతను ఒక కాలు రైలుపెట్టె మెట్టు మీద పెట్టి, మూట భుజాన వేసుకుని, వెనక్కి తిరిగి చూస్తున్నాడు. ఎవరిని చూస్తున్నాడో కాగితంలో లేదు. భుజం వేశాను, తువ్వాలు వేశాను, కమ్మీ పట్టుకున్న చేయి వేశాను. ముఖం దగ్గరకొచ్చేసరికి, ఇది నాన్న అనిపించింది. ఎందుకో చెప్పలేను. ఎండ పడి హాలంతా పసుపుగా ఉంది, ఎక్కడో దూరంగా బండి కూత వినిపించింది, అతను నాన్నే అనిపించాడు.

నాన్న ఈ ఊరికే కదా వచ్చేవాడు, కొలుముల్లో ఇటుకలు పేర్చే పనికి. చివరిసారి బయల్దేరినప్పుడు నువ్వు నన్ను చంకనేసుకుని స్టేషనుకు వెళ్లావని అమ్మ చెప్పేది. నీకు పదేళ్లు, నాకు రెండు. ఆ తర్వాత కామెర్లు వచ్చి పోయాడన్న కబురే వచ్చింది. ఉన్న ఒక్క ఫొటో తుఫానుకు ముద్దయిపోయింది. అమ్మ కూడా లేదిప్పుడు. చిన్నాన్నేమో అన్న ముఖం సరిగ్గా గుర్తుకు రాదంటాడు. నాన్న ముఖం ఉన్న చోటు ఈ లోకంలో నీ తల ఒక్కటే.

ఊహించి వేద్దామని చూశాను. అద్దంలో నన్ను చూసుకుని వేస్తే అమ్మ వచ్చింది. చిన్నాన్నను తలచుకుని వేస్తే చిన్నాన్నే వచ్చాడు. తాతను అడిగితే, "ఒందలమంది వొచ్చీవోరురా నాయినా, ఎవుల్నని గురుతెట్టుకుంటాను," అని నా వీపు నిమిరాడు. మూడుసార్లు వేసి మూడుసార్లు చెరిపాను. నా గోడు ఫూల్‌మతి దీదీకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

నిన్న ఆఫీసరు వచ్చారు. ఆడమనిషి, తెల్లజుట్టు. తివారీ ఇస్త్రీ చొక్కా వేసుకుని వెనకే నడుస్తున్నాడు. మొదటి రెండు బొమ్మలూ చూసి బాగున్నాయన్నారు. మూడోదాని దగ్గర ఆగిపోయారు. ఫూల్‌మతి దీదీ కావాలనే తన బొమ్మ కింద చీపురు పట్టుకుని నిలబడింది. ఆఫీసరు పైకి చూశారు, కిందికి చూశారు, నవ్వేశారు. "ఆప్ హీ హైఁ నా?" మీరేనా అని. దీదీ తల ఊపింది. తర్వాత ఆవిడ ఒక్కొక్కరినీ చూసుకుంటూ చివరిదాకా వచ్చి, ఈయనకు మాత్రం ముఖం ఎందుకు లేదని అడిగారు.

నోరు తెరిచాను. నేర్చుకున్న హిందీ ముక్కలు కూడగట్టుకుంటున్నాను. అప్పుడు తివారీ ముందుకొచ్చి గొంతు సవరించుకుని అన్నాడు: "మేడమ్, ఇస్కీ బహెన్ ఆనేవాలీ హై. వో బతాయేగీ, తబ్ బనాయేగా."

వీడి అక్క రాబోతోంది, ఆమె చెబితే అప్పుడు వేస్తాడు, అని! దీదీ ఆయనకు ఎప్పుడు చెప్పిందో నాకు తెలియదు. నువ్వు వస్తున్నావని కూడా నాకు తెలియదు. ఆఫీసరు కొంచెంసేపు ఆ ఖాళీ ముఖాన్ని చూసి, "ఠీక్ హై, ఆనే దీజియే," రానివ్వండి అని వెళ్లిపోయారు. ఒక్క ముఖం కూడా చెరపమనలేదు. ఆమె వెళ్లాక తివారీ నా వైపు చూడకుండా, "అక్కను తొందరగా రమ్మను, నన్ను అబద్ధాలకోరును చెయ్యకు," అన్నాడు.

అందుకని అడుగుతున్నానప్పా. రా. నీకు రైలంటే బెదురని తెలుసు. కానీ పార్వతీపురంలో ఎక్కితే బండి మారకుండా ఇక్కడ దిగొచ్చు, నేను ప్లాట్‌ఫారం మీదే ఉంటాను. తాత వాళ్లింట్లో నీకూ పిల్లలకూ చోటుంది, తాత ఇప్పటికే మంచం బాగుచేయించాడు. నాలుగు రోజులు బావ వాళ్ల అమ్మ దగ్గర తింటాడులే. వచ్చేటప్పుడు గుమ్మడి వడియాలు, కొంచెం మన కారం తెచ్చావంటే ఫూల్‌మతి దీదీకి కూడా రుచి చూపిస్తాను.

బావకు నా నమస్కారాలు చెప్పు. చిన్నాన్న, పిన్నిల కాళ్లకు నా బదులు నువ్వు దణ్ణం పెట్టు. పిల్లలిద్దరికీ ముద్దులు. నన్ను ఎప్పటిలాగే చల్లగా ఉండమని దీవించు. నా గురించి బెంగ పెట్టుకోకు, తింటున్నాను, పడుకుంటున్నాను, బాగున్నాను.

ఆ మనిషి గోడకు కిందివైపే ఉన్నాడు, పరంజా కూడా అక్కర్లేదు. నువ్వు ఎదురుగా బెంచీ మీద కూర్చుని చెబుతూ ఉండు: నుదురు ఎంత, కనుబొమలెలా, నవ్వితే ఎటు వంకర పోయేది. నేను గీస్తూ ఉంటాను. తప్పుగా వస్తే "కాదురా" అను, చెరిపి మళ్లీ గీస్తాను. ఎన్నిసార్లయినా సరే. సరిగ్గా వచ్చినప్పుడు నువ్వేమీ చెప్పనక్కర్లేదు, నీ ముఖం చూస్తే నాకు తెలిసిపోతుంది. అప్పుడు నేనూ నాన్నను చూస్తాను.

నీ చంకనెక్కి తిరిగిన తమ్ముడు,
సూరిబాబు