బెదరని నెత్తురు

ట్రోమ్సో,
22 జనవరి 1998.

ప్రేమగల బిగ్గా పెద్దమ్మకు,

ఈ ఉత్తరం నిలబడి చదవకు. పొయ్యి దగ్గర కూర్చుని, కాఫీ పోసుకుని, కాళ్లు చాపుకుని చదువు. చదివాక నన్ను తిట్టాలనిపిస్తే గట్టిగానే తిట్టు. నేను కాదనను.

నువ్వు పంపిన పెట్టె క్రిస్మస్ ముందు అందింది. మూత తీయగానే మా ప్రయోగశాల అంతా బూట్లలో కూరుకునే ఎండుగడ్డి వాసన. "ఎవరి కాళ్లు ఇవి?" అని అందరూ నవ్వారు. ఆ గడ్డిలో ఒక్కొక్కటీ విడివిడిగా చుట్టిన నలభై సీసాలు, వాటికి జతగా నలభై నెత్తుటి గడ్డలు. నేను చెప్పినట్టే చేశావు. తీసిన నెత్తురును చలికి పగిలిపోకుండా నీ తోలు కోటు లోపల, గుండెకు ఆనించి వెచ్చగా ఉంచావు. గడ్డ కట్టాక పైన తేరిన పసుపు నీటిని వేరు చేశావు. అప్పుడే మంచులో పెట్టావు. మిగతా కాపరులు పంపిన వాటిలో సగానికి పైగా చలికి చెడి ఎర్రబారాయి. నీవి నలభైకి నలభై తేనె రంగులో తేటగా ఉన్నాయి. ఆ రోజు నాకు ఎంత గర్వంగా ఉందో చెప్పలేను.

ఆ గర్వం పదిరోజులే ఉంది.

మేం ఆ నీటిలో వెతికేది ఏమిటో నీకు శరదృతువులో చెప్పాను. భయం పుట్టగానే ఒంట్లోంచి నెత్తుట్లోకి దూకే పదార్థం ఒకటి ఉంది. అది ఎంత ఎక్కువుంటే జంతువు అంత బెదిరిందన్నమాట. అన్ని మందల రెయిన్‌డీర్లలోనూ అది ఎనభైకీ నూట ముప్పైకీ మధ్య వచ్చింది. మా పుస్తకాల్లో ఆరోగ్యంగా ఉన్న జింకకు ఉండవలసిన అంకె కూడా అదే. నీవి ఒక్కటీ ఇరవై దాటలేదు. పన్నెండు, పదిహేను, పదకొండు. యంత్రం చెడిందనుకుని మళ్లీ చేశాను. మళ్లీ అవే.

మా పెద్ద, హాల్వార్, మొదట నవ్వాడు. "ఏం రావ్నా, మీ పెద్దమ్మ జింకల్ని జోకొట్టి పడుకోబెట్టి తీసిందా ఏంటి?" అన్నాడు. తర్వాత సీసాల మీద చీటీలు చూశాడు. ఇక నవ్వలేదు.

"ఒకటి నుంచి వరసగా అంకెలు వెయ్యమన్నాం కదా? ఇదేంటి, నాలుగు తర్వాత పదకొండు, దాని తర్వాత ముప్ఫై, ఆ తర్వాత ఏకంగా రెండొందల పన్నెండు! మధ్యలోవి ఏమైనట్టు? నచ్చనివి పారేసింది. మనం పంపిన కాగితంలో, మందలో మొత్తం ఎన్ని అన్న గడిలో ఏం రాసిందో చూశావా? 'చాలినన్ని' అంట! ఇవన్నీ నలభై జింకలవి కావమ్మా. స్లెడ్జి లాగే పెంపుడు పోతులు నాలుగుంటాయి కదా, వాటినే పట్టుకుని తలా పదిసార్లు పొడిచింది."

"ఆవిడ అలాంటి పని చెయ్యదు" అన్నాను.

"మరి ఎలా చేసిందో చెప్పు."

నువ్వు ఎలా తీశావో నాకు మాత్రం ఏం తెలుసు పెద్దమ్మా? ఆయన ఒక కాగితం నా ముందుకు జరిపాడు. బిగ్గా పంపిన నమూనాలు నమ్మదగినవి కావు, లెక్కలోంచి తీసివేయడమైనది అని ఉంది. నీ మనిషిని కాబట్టి నేను సంతకం చేస్తేనే ఎవరూ వేలెత్తి చూపరన్నాడు. చేశాను. ఒక్క నిమిషమైనా ఆలోచించలేదు. అదే నన్ను ఇప్పుడు ఎక్కువగా కోస్తోంది.

మార్చి ఇరవైన కాపరుల సభలో ఆ నివేదిక చదువుతారు. మన వాళ్ల సంగతి నాకు తెలుసు. సీసాల్లో అబద్ధం పంపిన మనిషి పరాయి దూడల చెవులు కూడా కోసి తన గుర్తు పెట్టి దొంగిలిస్తుందనే అనుకుంటారు. నలభై ఏళ్ల నీ పేరు ఒక్క పూటలో పోతుంది, అదీ నా సంతకంతో. ఎవరి నోటనో వినడం కన్నా నా చేతి రాతలో చదవడం మేలని రాస్తున్నాను. నిజం ఏదైనా సరే, నాకు చెప్పు.

నీ ముఖం చూడలేని
రావ్నా.

*

కౌతుకెయినో దగ్గర, శీతాకాలపు మేత,
ఫిబ్రవరి మూడు.

రావ్నా తల్లికి,

కూర్చునే చదివాను. చదివాక మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఇక్కడ నాకు కుక్క తప్ప ఎవరూ లేరు కాబట్టి ఆ సంగతి ఎవరికీ తెలియలేదు. కుక్క మాత్రం బాధపడింది.

అబద్ధమని ఆ హాల్వార్ అన్నందుకు నాకేం లేదు. ఆయన నన్ను ఎరగడు. నువ్వు ఎరుగుదువు. అడగకుండా సంతకం పెట్టావు. ముందు అడిగి, ఆ తర్వాత పెట్టి ఉంటే ఇంత నొచ్చేది కాదు. ఇది ఒక్కసారే రాస్తున్నాను, మళ్లీ ఎత్తను.

ఇక అంకెల సంగతి. ఒసే పిల్లా, చదువు ఎక్కువై బుద్ధి మంచులో పారేసుకున్నావా? ఎవరి గుడారంలోకైనా వెళ్లి మీకెన్ని జింకలని అడుగుతావా? ఆరేళ్లప్పుడు నువ్వు నీలాస్ మామను అడిగితే మీ అమ్మ చెవి మెలేసి బయటికి లాక్కుపోలేదూ? మీ వాళ్లు అచ్చు వేయించిన కాగితంలోనే అడిగారు. ఏదో పట్నంవాళ్లు, తెలియదులే అని మర్యాదగానే జవాబు రాశాను. చాలినన్ని ఉన్నాయి, చాలినన్ని అనే రాశాను. చీటీల మీద ఒకటి నుంచి నలభై వరసగా వేస్తే ఏమవుతుంది? నా ఆడ జింకలన్నిటి నెత్తురూ పంపాను కాబట్టి నా మంద ఎంతో ఆ సీసాలు చూసినవాడికల్లా తెలిసిపోతుంది. అందుకే మధ్యమధ్య ఖాళీలు వదిలాను. ఆ ఖాళీల్లో ఎన్ని జింకలున్నాయో దేవుడికీ నాకూ తెలిస్తే చాలు. ఇప్పుడు ఈ ఉత్తరంలో నీకు చెప్పేశాను, చదివాక పొయ్యిలో వెయ్యి. ఇంత చిన్న సంగతి హాల్వార్‌కు తట్టలేదంటే సరే. నీకూ తట్టలేదా?

పెంపుడు పోతులవంటావా? నెత్తుటి గడ్డలు కూడా పంపాను కదా, ముచ్చటకు పంపాననుకున్నావా? గడ్డ చూసి ఆడదో మగదో చెప్పవచ్చని నువ్వే కదా అప్పుడు గొప్పలు చెప్పావు. ఆ గొప్ప ఇప్పుడు వాడు.

నా జింకలు ఎందుకు బెదరలేదని మీ వాళ్లు అడుగుతున్నారు. ఎందుకు బెదరాలో ముందు వాళ్లను చెప్పమను. మంచు మీద మోటారు బళ్లతో తరిమి, దొడ్డిలో కుక్కి, మెడకు తాడేసి, నలుగురు మీద పడితే నువ్వూ బెదురుతావు. నాకు నలభై సీసాలకు రెండు నెలలు పట్టింది. కొన్ని రోజులు ఒకటి, కొన్ని రోజులు ఒకటీ లేదు. కాగితంలో తేదీకి ఒకే గడి ఉంది. ఆఖరి రోజు తేదీ వేశాను.

ఎలా తీశానన్నది రాస్తే నమ్మవు. మీ కాగితంలో దానికి గడి కూడా లేదు. వచ్చి చూడు. వచ్చేటప్పుడు కాఫీ గింజలు తే, వేయించినవి కాదు, పచ్చివి. ఊళ్లో దొరికేది బొగ్గులాగా ఉంది.

నీ పెద్దమ్మ
బిగ్గా.

*

ట్రోమ్సో,
తొమ్మిది మార్చి.

పెద్దమ్మా, నా పెద్దమ్మా,

ఇంటికి చేరి నాలుగు రోజులైంది. నా కళ్లు మాత్రం ఇంకా నీ మేత దగ్గరే ఉన్నాయి. నువ్వు రోజూ చేసే పనిని నీకే వర్ణించడం పిచ్చితనమే. కానీ నేను చూసిందేమిటో నీకు తెలియదు. అది రాయకపోతే నాకు ఊపిరాడదు.

నీ ఉత్తరం అందిన రోజే గడ్డలు బయటికి తీశాను. నలభై గడ్డలూ నలభై వేరువేరు జింకలవి. నలభైకి నలభై ఆడవి. ఒక్క పోతు లేదు. హాల్వార్ ఆ కాగితం రెండుసార్లు చదివాడు. "సరే, నలభై జింకలే. అయితే మత్తుమందు పెట్టి ఉంటుంది" అన్నాడు. ఆ పసుపు నీటినే మత్తుమందుల కోసం కూడా వెతికించాను. ఏమీ లేదు. "మరేం పెట్టింది వాటికి?" అన్నాడు. అప్పుడే బస్సెక్కాను.

మొదటి రోజు నువ్వు నన్ను చుట్టం లాగా కూర్చోబెట్టావు. కాఫీ, ఎముక పులుసు, మళ్లీ కాఫీ. రెండో ఉదయం గుడారం వెనక మంచు పసుపుగా ఉన్న చోటికి తీసుకెళ్లి, "ఇదిగో నా మందు" అన్నావు. నాకు మొదట అర్థం కాలేదు. చలికాలమంతా నాచు తప్ప తినని జింకలు ఉప్పుకు మొహం వాచి ఉంటాయి. ఆ ఉప్పు కోసం మన ముత్తవ్వల కాలం నుంచీ మనిషి పొద్దున్నే లేచి ఒంటికి వెళ్లే చోటికే వస్తాయి. నేను పకపకా నవ్వితే నువ్వు కోపంగా చూశావు. "నవ్వు, నవ్వు. మీ సంస్థలో అంతమంది ఉండి, ఇన్నేళ్లుగా ఆ ఉప్పంతా ఎక్కడ పారేస్తున్నారు?" అన్నావు. పెద్దమ్మా, ఆ మాట హాల్వార్‌కు యథాతథంగా చెప్పాను. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

కొండ వెనక నుంచి ఎండ అప్పుడే వచ్చింది. మంద కూడా దానితోపాటే వచ్చినట్టు అనిపించింది. ఎవరూ పిలవలేదు, తరమలేదు. ఒక కొమ్ము విరిగిన ఆ తెల్లమూతి తల్లి జింక నీ మోకాలి దగ్గరకు వచ్చి మంచు నాకింది. నువ్వు దాన్ని చూడనైనా లేదు. పక్కకు చూస్తూ, దానికంటూ కట్టిన పాటను నోట్లోనే కూనిరాగం తీస్తూ, మెడ కింద బొచ్చులో వేళ్లు పెట్టి గోకుతున్నావు. ఎంతసేపని! నా కాళ్లు మొద్దుబారాయి. ఈ మనిషి పని మరిచిపోయిందనుకున్నాను. అంతలో చంకలో వెచ్చబెట్టిన సూది నీ వేళ్ల మధ్య ఉంది. ఎప్పుడు తీశావో నేను చూడలేదు. జింకా చూడలేదు.

సీసాలోకి నల్లటి ఎరుపు ఎక్కుతోంది. ఆ తల్లి నెమరు వేస్తోంది. నేను దాని దవడనే చూస్తున్నాను. ఇప్పుడు ఆగుతుంది, ఇప్పుడు ఆగుతుంది అనుకున్నాను. ఆగలేదు. పదిహేనేళ్లుగా వేల జంతువుల నెత్తురు తీశాను. గుర్రాలు, ఆవులు, గొర్రెలు, కుక్కలు. అందులో ఒక్కటి కూడా నా సూది కింద నెమరు వేయలేదు. నాకు ఏడుపు వచ్చింది. భయం లేని నెత్తురు ఎలా ఉంటుందో నేను జీవితంలో మొదటిసారి చూస్తున్నాను. అదీ ఇంత మామూలుగా, ఒక ముసలావిడ ముక్కు చీదుకుంటూ తీస్తుంటే!

మర్నాడు నువ్వు సూది నా చేతికి ఇచ్చావు. అదే తల్లి, అదే చోటు, అదే ఉప్పు. నేను కూడా గోకాను, పాట కూడా పాడాను. సూది దగ్గరకు రాగానే అది తల విసిరింది. నేను మెడ పట్టుకున్నాను. అది లాగింది, నేను మోకాలు అడ్డం పెట్టాను. పది నిమిషాలు పెనుగులాడి తీశాను. అప్పటికి మంద మొత్తం దూరంగా వెళ్లి నిలబడింది. నువ్వు తిట్టలేదు.

"నీ చెయ్యి బస్సు టైము చూసుకుంటోందే" అన్నావు. "తొందరలో ఉన్న చెయ్యంటే దానికి తోడేలే. చెయ్యి ఎవరిదో దానికి అనవసరం."

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ సీసాను మంచులో పారేద్దామనుకున్నాను. "నెత్తురు ఇచ్చింది అది. పారేయడానికి నువ్వెవరు?" అని నువ్వే నా జేబులో పెట్టావు.

నిన్న ఫలితాలు వచ్చాయి. నువ్వు తీసినది పద్నాలుగు. నేను తీసినది నూట పద్దెనిమిది. ఒకటే జింక, ఒక్క రోజు తేడా.

హాల్వార్ ఆ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టుకుని చూశాడు. తర్వాత లేచి అలమర లోంచి పాత పుస్తకాలు దించాడు. ఆరోగ్యంగా ఉన్న జింకకు ఎనభై నుంచి నూట ముప్పై అని అన్నిట్లోనూ ఉంది.

"ఇవన్నీ ఎక్కడ తీసినవో తెలుసా?" అన్నాడు.

"దొడ్లలో" అన్నాను. "తాళ్లు వేసి."

"అంటే ముప్ఫై ఏళ్లుగా మేం రాసుకున్నది..."

"వాటి ఆరోగ్యం కాదు. మనల్ని చూసి అవి పడ్డ భయం."

ఆయన పుస్తకం మూసేశాడు. ఆయన మీద నాకు కోపం లేదు, పెద్దమ్మా. ఆయన ముఖంలో ఉన్నది కూడా ఆ ఉదయం నా ముఖంలో ఉన్నదే అయి ఉంటుంది. ఇంత పెద్ద సంస్థ, ఇన్ని యంత్రాలు. బెదరని జింక ఎలా ఉంటుందో మాలో ఒక్కరికీ తెలియదు. అది తెలిసిన మనిషి పంపితే అబద్ధమని పక్కన పెట్టాం.

నా సంతకం వెనక్కి తీసుకున్నాను. హాల్వార్ పాత కాగితం తన చేతులతోనే చింపాడు. నీ నలభై అంకెలూ నివేదికలో మొదటి పుటలో ఉంటాయి. పుస్తకాల్లో ఉన్నది మార్చడానికి ఏళ్లు పడుతుందని ఆయనే అంటున్నాడు, కానీ మొదలు పెడతానన్నాడు. ఇరవైన సభలో ఆయన చదవడు. నేనే చదువుతాను, మన భాషలో, అందరి ముందు. నీలాస్ మామ ముందు వరసలో కూర్చుని గుచ్చి గుచ్చి అడుగుతాడని తెలుసు. బిగ్గా తీసినవి నిజమేనని ఏమిటి నమ్మకం అంటాడు. వాళ్లకు పట్టే సాక్ష్యం నా దగ్గర ఒక్కటే ఉంది. మత్తుమందుల పరీక్షలూ గడ్డలూ ఎన్ని చెప్పినా వాళ్లకు పట్టవు. నీ చేతికి బెదరని ఆ తల్లి నా చేతికి ఎంత బెదిరిందో అదే చూపిస్తాను. నూట పద్దెనిమిది పక్కన, తీసిన మనిషి పేరు రాయవలసిన చోట, నా పేరు రాశాను. ఈసారి నా చెయ్యి తొందరపడలేదు.

నీ
రావ్నా.