నన్నే అడిగింది

చెల్లె దేవకికి అక్క దీవెనలు.

కార్డు రాస్తే అందరూ చదువుతారని ఇన్లాండు కొన్నాను. చదివి చించెయ్యి.

మా మహిళా సంఘం దవాఖాన పైసలు ఈసారి ఇంటి మగవాళ్లకు కాక జబ్బున్న మనిషి చేతికే ఇచ్చింది. "ఏం రోగమో కొడుక్కు చెప్పాల్నా బిడ్డా?" అని లీడరు లీలాబాయిని అడిగాను. "పానం నీదా, నీ కొడుకుదా అవ్వా? నచ్చిన డాక్టరు దగ్గరికి పో" అంది.

గర్భసంచి జారిన సంగతి నీకు తప్ప ఎవరికీ చెప్పలేక పన్నెండేళ్లు మోశాను. నిన్న ఆదిలాబాద్‌లో డాక్టరమ్మకు చెప్పాను. ఆమె నవ్వలేదు. "ఆపరేషన్ ఎప్పుడు జేయాల్నో నువ్వే చెప్పవ్వా" అంది. నన్నే అడిగింది చెల్లె!

"మా చెల్లె వచ్చినంక" అన్నాను.

భయంగా ఉంది. ఎప్పుడొస్తావు?

మీ అక్క