మఫిన్ ట్రేలో మిగిలిన క్లిప్పు

జూన్ 14, శనివారం

వెర్న్ ట్రాక్టర్ బాగుచేసి ఇచ్చేశాను. ఏడు నెలలు నా షెడ్డులో తిష్ఠ వేసి ఇవాళ కదిలింది. తాడు రెండోసారి లాగేసరికి అందుకుంది. వెర్న్ ఇంజన్ మూత మీద అరచెయ్యి పెట్టి అలా నిలబడిపోయాడు. కళ్ళు తుడుచుకుంటూ, పొగ అన్నాడు. నేను కట్టిన ఇంజన్‌కి పొగేంటయ్యా అన్నాను.

నా నడుం ఎత్తు కూడా ఉండదు ఈ బండి. తోటపనికి చేసిన బుల్లి ట్రాక్టర్, 1961ది. వెర్న్ వాళ్ళమ్మ దీంతోనే బంగాళాదుంపల మడులు దున్నింది, చలికాలం వాకిట్లో మంచు తోసింది. ఆవిడ పోయాక ఇరవై ఏళ్ళు కోళ్ళ గూట్లో పడుంది. రెట్ట గీకడానికే నాకు వారం పట్టింది.

వెర్న్‌కి డెబ్భై ఎనిమిది. కంటి మధ్యలో మసక పెరుగుతోంది. ఈ వేసవి దాటాక స్టీరింగ్ అన్నది ముట్టుకోవద్దని కళ్ళ డాక్టర్ చెప్పేశాడట. అంటే జులై నాలుగు, స్వాతంత్ర్య దినం పరేడ్‌లో వాళ్ళమ్మ బండి నడపడం ఇదే మొదలు, ఇదే ఆఖరు. అందుకే ఇంత హడావిడి.

బ్లాక్, అంటే ఇంజన్ దిమ్మ, దాని సంగతి కూడా రాసి పెట్టుకుంటున్నా. పిస్టన్ ఆడే రంధ్రం గోడ అరిగిందని ఇదివరకే రెండుసార్లు తొలిచి బోరు చేశారు, మొన్నది మూడోది. ఇక గోడలో దళసరి లేదు, ఇంకొక్క గీత పడిందంటే పాత ఇనుముకే అని మెషిన్ షాపువాడు మొహం మీదే చెప్పాడు.

పాత ఇంజన్లు బాగుచేసే మా శనివారం ముఠాకి ఒక తంతు ఉంది. విప్పిన చిన్న సామానంతా చిన్న కేకులు కాల్చే మఫిన్ ట్రేలో పెడతాం. పన్నెండు గుంటలు, ప్రతి గుంట అడుగునా పేరు రాసి అంటించిన కాగితం. ఇంజన్ బిగించాక ఆ ట్రేని అందరి ముందూ బల్ల మీద బోర్లించాలి. ఏదీ రాలకపోతే చప్పట్లు, డోనట్లు. రాలిందంటే ఏడాది పొడుగునా మాటలు పడాలి. నేను బోర్లించాను. ఏమీ రాలలేదు. ఈ ముఠాలో ఆడదాన్ని నేనొక్కదాన్నే. ముప్పై ఏళ్ళు స్కూల్ బస్సులు రిపేరు చేశాను కాబట్టి ఇంజన్లన్నీ నాకే అంటగడతారు. ఇంతవరకూ నా ట్రేలోంచి పూచికపుల్ల రాలలేదు.

మా ముఠాలో ఉండే క్లీట్ ఇవాళ ఉంటే చొక్కా చేతిలోంచి ఒక నట్టు జారవిడిచి, ఇదెక్కడిదమ్మా ఆర్లిస్ అని అమాయకంగా అడిగేవాడు. డిసెంబరంతా నా షెడ్డులో బకెట్ బోర్లించుకుని కూచుని, నేను ఇంజన్ విప్పుతుంటే కబుర్లు చెప్పాడు. జనవరిలో పోయాడు. శనివారాలు వాడు కూచునే మడత కుర్చీ ముఠా కలిసే చోట అలాగే ఉంది. అందులో ఎవరం కూచోం, పక్కకీ జరపం.

ముఠాలో రోలీకి మాత్రం రంగు నచ్చలేదు. రోలీకి ఏ రంగూ నచ్చదు. కంపెనీ ఎరుపు ఇది కాదు, ఇది టమాటా సూప్ అన్నాడు. వెర్న్ వెంటనే, నాకెలాగూ కనపడదు కదరా, నువ్వే కళ్ళు మూసుకో అన్నాడు. రోలీ తల గోక్కుంటూ డోనట్ల వైపు నడిచాడు. వాడు వాదన వదిలెయ్యడం నాకు తెలిసి ఇదే మొదటిసారి.

జూన్ 15, ఆదివారం

ఏమీ చెయ్యలేదు. మధ్యాహ్నం రెండింటిదాకా నైటీలోనే ఉన్నాను. హాయి.

జూన్ 16, సోమవారం. ఉదయం 9

ట్రే కడుగుదామని వేణ్ణీళ్ళలో సబ్బు వేసి మొత్తం ముంచాను. కాగితాలు పైకి తేలాయి. సింకు అడుగున టింగుమని ఏదో పడింది.

క్లిప్పు. పిస్టన్‌ని రాడ్‌కి కలిపే పిన్ను పక్కకి జారకుండా పట్టి ఉంచే తీగ చుట్ట. వేలి గోరంత. ఈ ఇంజన్‌కి ఉన్నది ఒక్క పిస్టనే, దాని పిన్నుకి రెండు చివర్లా రెండుండాలి. ఒకటి లేకపోతే పిన్ను జరుగుతుంది, జరిగి బోరు గోడని గీస్తుంది. ఇంకొక్క గీత పడితే పాత ఇనుమే అన్నాడే, ఆ గోడని.

మెరుస్తోంది. కొత్తది. నేను వేసినవీ కొత్తవే.

ఉదయం 11

గుర్తు తెచ్చుకుంటున్నా. మొదటి క్లిప్పు పెట్టాను. అది బాగా గుర్తు, బొటనవేలికి గుచ్చుకుంది. రెండోది చేతిలోకి తీసుకునేసరికి ఫోన్ మోగింది. మా చెల్లెలు. నలభై నిమిషాలు, దాని మోకాలి గురించి. ఫోన్ పెట్టేసి వచ్చి ఏం చేశాను? ఎంత తవ్వినా మోకాలే గుర్తొస్తోంది.

పాకెట్టులో రెండే వచ్చాయి. పాకెట్టు ఖాళీ. ఖాళీ అయితే ఏం లాభం, రెండూ తీసి ట్రేలోనే కదా వేశాను.

క్లీట్ బతికుంటే ముందు వాడి గొంతు పట్టుకునేదాన్ని. కానీ నా క్లిప్పులు వచ్చింది ఏప్రిల్లో. వాడు పోయింది జనవరిలో. మట్టిలో ఉన్న మనిషి మీదికి తోసేద్దామని చూస్తున్నాను, సిగ్గు లేకపోతే సరి.

సాయంత్రం 4

వెర్న్ ఫోన్ చేశాడు. పొద్దున గంటసేపు పెరట్లో నడిపాడట. పక్కింటి కుక్క వెంటపడి పరిగెత్తిందట, బండి దానికంటే నెమ్మది కాబట్టి మధ్యలో ఆగి ఈయన కోసం చూసిందట. నవ్వుతూనే ఉన్నాడు. చెప్పాల్సింది అప్పుడే. ఆయిల్ చూసుకో అని మాత్రం అన్నాను.

దొంగకు తేలు కుట్టినట్టయింది నా పని.

జూన్ 17, మంగళవారం

చెప్పలేదు.

జూన్ 18, బుధవారం

పుల్లటి రూబార్బ్ కాడలతో తీపి బార్లు చేసుకుని వెర్న్ ఇంటికెళ్ళాను. తినిపించడానికి కాదు, వినడానికి. స్క్రూడ్రైవర్ కొన బ్లాక్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాను. భయం పట్టుకున్న చెవికి ప్రతిదీ చప్పుడే. టిక్కుమంటే క్లిప్పు అనుకున్నా, టక్కుమన్నా క్లిప్పే అనుకున్నా.

రోలీ కూడా అక్కడే ఉన్నాడు, రంగు గురించే. నన్ను చూసి, డాక్టరమ్మా దాన్ని ఒకసారి దగ్గమను అన్నాడు. నేను నవ్వలేదు. నవ్వకపోయేసరికి వాడు నా మొహంలోకి చూశాడు, తర్వాత తన బూట్ల వైపు చూసుకున్నాడు.

ఏమైనా చప్పుడు వినిపిస్తోందా అని వెర్న్‌ని అడిగాను. వినిపిస్తోంది అన్నాడు. నేను మళ్ళీ స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకున్నాను. తిన్నగా తోలరా వెర్నన్ అని మా అమ్మ అరుస్తోంది, అంతే, ఇంకేం లేదు అన్నాడు.

ఖాళీ డబ్బా పట్టుకుని వచ్చేశాను. చక్రం నట్టు వదులైందని తెలిసీ చెప్పని డ్రైవర్‌ని ఒకప్పుడు నేనే బస్సు దింపేశాను. అంతమంది ముందు ఎన్ని మాటలన్నానో. ఇప్పుడు నేను చేస్తున్నదేంటి? పరువు. అంతే. ట్రే బోర్లించి కొట్టించుకున్న చప్పట్లు వెనక్కిచ్చెయ్యాలంటే ప్రాణం ఒప్పట్లేదు. నేను ఒక రోజు నోరు మూసుకుంటే ఆయన ఇంకో గంట నడుపుతున్నాడు. ఆ గంటే గోడ మీద గీత.

జూన్ 19, గురువారం. ఉదయం 7

చెప్పేశాను.

ఆరింటికే వెళ్ళాను. వెర్న్ మెట్ల మీద కూచుని దోమలు కొట్టుకుంటూ కాఫీ తాగుతున్నాడు. విస్కాన్సిన్‌లో జూన్ అంటే దోమలే. క్లిప్పు ఆయన అరచేతిలో పెట్టి మొత్తం చెప్పాను. చెల్లెలి మోకాలితో సహా.

చాలాసేపు దాన్ని వేళ్ళ మధ్య తిప్పాడు. ఎప్పటినుంచి తెలుసు అని అడిగాడు. సోమవారం నుంచి అన్నాను. నాలుగు రోజులు ఒక్కదానివే మోశావా, పిచ్చిదానా అన్నాడు. లేచి వెళ్ళి, ఇంజన్ అందుకోకుండా ప్లగ్గు తీగ పీకేశాడు. గీత పడిందంటే పడింది, కోళ్ళ కిందనుంచి దాన్ని బయటికి లాగింది నువ్వే కదా, లేకపోతే ఈ నాలుగు గంటలైనా నాకు ఎక్కడివి అన్నాడు.

రెండు తిట్లు తిట్టినా బావుండేది. బార్లు ఇంకా ఉన్నాయి, తింటావా అని అడిగాడు. తిన్నాను. నాలుగు రోజుల్లో నోటికి రుచి తెలిసింది ఇప్పుడే.

జూన్ 21, శనివారం

అందరి ముందే విప్పాను. చప్పట్లు కొట్టించుకుంది వాళ్ళ ముందే కదా. వెర్న్ తిరిగిచ్చిన క్లిప్పు నా చొక్కా జేబులో ఉంది.

రోలీ టార్చి పట్టుకున్నాడు. వాడికీ విషయం చెప్పేశాను. మాటలంటాడనుకుంటే, ఒకసారి తను గేరుబాక్సులో పానా మర్చిపోయి మూత బిగించానని, రెండేళ్ళు దాచానని చెప్పాడు. వెర్న్ వెంటనే, అది నా పానా అన్నాడు.

ఇంజన్ పైమూత, హెడ్, లేపాను. చూడ్డానికి ధైర్యం చాల్లేదు, రోలీనే చూడమన్నాను. పిస్టన్ కిందికి దించమన్నాడు, పైకి తిప్పమన్నాడు, మళ్ళీ దించమన్నాడు. చివరికి, శుభ్రంగా ఉంది ఆర్లిస్, నూనె నిలవడానికి షాపువాడు గీసిన సన్నటి అడ్డగీతలు అలాగే ఉన్నాయి, కొత్తదేమీ లేదు అన్నాడు. కూచోవాలనిపించింది. కూచోలేదు. గీత ఇంకా పడలేదు, అంతవరకే తెలిసింది. క్లిప్పు లేకపోతే రేపు పడుతుంది.

కింద నూనె పాన్ విప్పి, రాడ్ వదులు చేసి, పిస్టన్‌ని పైకి తోశాం. రోలీ దాన్ని బయటికి తీశాడు. వెర్న్ అందుకున్నాడు. ఆయనకి అంత చిన్నది కనపడదు. బొటనవేలు పిన్ను రంధ్రంలో పెట్టి తడిమాడు. ఒకటి అన్నాడు. పిస్టన్ అటు తిప్పి తడిమాడు.

రెండు అన్నాడు.

నేను నమ్మలేదు. లాక్కుని చూశాను. అటొకటి, ఇటొకటి. గాడిలో చక్కగా కూచున్నాయి. ఫోన్ పెట్టేసి వచ్చి పెట్టానన్నమాట. పెట్టి మర్చిపోయానన్నమాట. అక్కడే, నూనె గచ్చు మీదే కూలబడ్డాను. వెర్న్ పిస్టన్‌ని చంటిపిల్లలా పట్టుకుని నిలబడ్డాడు.

జేబులోది తీసి బల్ల మీద పెట్టాను. ఒక ఇంజన్, మూడు క్లిప్పులు. రోలీ మడత కుర్చీ వైపు చూశాడు. నేనూ చూశాను. పేరు పైకి అన్నది వెర్న్. క్లీట్ గాడిద అన్నాడు.

జూన్ 22, ఆదివారం

చర్చి అయ్యాక బెర్నడీన్ దగ్గరికెళ్ళాను. క్లీట్ భార్య. క్లిప్పు చూపించి, ఇదేంటో తెలుసా అని అడిగాను.

తెలుసు. వంటింటి గట్టు పట్టుకుని నవ్వడం మొదలెట్టింది. డిసెంబరులో కొట్టుకి తననే పంపాడట. ఒక్కటే తే అన్నాడట. జతగా తప్ప అమ్మం అన్నాడట కొట్టువాడు. నేను కాఫీ తేవడానికి ఇంట్లోకి వెళ్ళిన ఒక నిమిషంలో, గుంటలో గ్రీజు చుక్క పెట్టి, క్లిప్పు అతికించి, పైన నా కాగితమే మళ్ళీ కప్పాడట. ఆ రాత్రి భోజనం దగ్గర తినడు, నవ్వుతాడు. ఆర్లిస్ ట్రే బోర్లించిన రోజున దాని మొహం చూడాలే అన్నాడట. గ్రీజు మరీ ఎక్కువ పెట్టి చచ్చాడు. రాలాల్సిన రోజున రాలలేదు.

నా నాలుగు రోజుల గురించీ చెప్పాను. అయ్యో అంటూనే నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది, మళ్ళీ నవ్వింది. జనవరి తర్వాత ఇదే మొదటిసారి నవ్వడం అని తనే అంది. నేనూ ఆపుకోలేకపోయాను. వాణ్ణి తిడదామని వెళ్ళి, ఇద్దరం వాడి కాఫీ కప్పులోనే చెరో గుక్కా తాగాం.

సొరుగులో రబ్బరు బ్యాండ్ల మధ్య జతలో రెండోది ఉంది. తీసి నా చేతిలో పెట్టింది. వాడి ఆస్తి, ఇక నీది అంది.

జూన్ 25, బుధవారం

మళ్ళీ బిగించాను. హెడ్ ప్యాకింగ్ రోలీ అటక మీద దొరికింది. పాన్ ప్యాకింగ్‌కి వాడు ఇంటినుంచి మొక్కజొన్న అటుకుల డబ్బా తెచ్చాడు, అట్ట కత్తిరించి సరిపెట్టాం. డబ్బాలో మిగిలిన అటుకులు జేబులో పోసుకుని పనంతసేపూ నమిలాడు. ట్రే బోర్లించే ముందు కాగితాలన్నీ తనే పీకి, గుంటల్లో వేలు పెట్టి చూశాడు. నా మీద నమ్మకం లేదా అన్నాను. నీ మీద ఉంది, క్లీట్ మీదే లేదు అన్నాడు.

ఏమీ రాలలేదు.

జులై 4, శుక్రవారం

తిన్నగా నడిపాడు.

మెయిన్ స్ట్రీట్ ఈ చివర నుంచి ఆ చివరిదాకా, అగ్నిమాపక బండి వెనక, నడిచే మనిషి వేగంతో. పక్కనే రోలీ నడుస్తూ కుడి, ఎడమ చెప్పాడు. రెండో మలుపు దగ్గర వెర్న్, నోర్ముయ్యరా, మా అమ్మ చెబుతోందిగా అన్నాడట. వెనక బుల్లి ట్రైలర్ మీద క్లీట్ మడత కుర్చీ కట్టాం. అందులో బెర్నడీన్ కూచుని రెండు వైపులా మిఠాయిలు విసిరింది. నాకు గురి చూసి కొట్టింది, కణతకి తగిలింది.

పొగ లేదు. చప్పుడు లేదు. చివర ఇంజన్ ఆపాక వెర్న్ చాలాసేపు దిగలేదు. ఎవరం దిగమనలేదు. తనే దిగి, స్టార్టు తాడు చుట్టి జేబులో వేసుకుని, ఇక బ్రాట్‌వర్స్ట్ సాసేజ్‌లు ఎక్కడ అన్నాడు. కడుపు నిండా తిని వచ్చి పడుకుంటున్నా.

జులై 12, శనివారం

రోలీ కొత్త ఇంజన్ విప్పడం మొదలెట్టాడు. నా ట్రేలోనే. మధ్యలో కాఫీకి లేచి వెళ్ళాడు.

క్లీట్ జతలో రెండో క్లిప్పు, ఏడో గుంటలో, కాగితం కింద. గ్రీజు కొంచెమే పెట్టాను.